కొసరు

డబ్బా మీద ఆరువందలని ఉంది.
గోడ దగ్గర నా మీటరు
ఆరువందల నలభై మూడంటోంది.

"ఆ నలభై మూడూ ఎవరు తింటున్నట్టు?"
తుపార్నాక్ జవాబు చెప్పలేదు.
నా చెయ్యి లాగి బలాస్ట్ వీపు మీద పెట్టింది.
వేడి.
పక్కనే ఆరుతున్నాయి
వాళ్లమ్మ సీలుతోలు చేతితొడుగులు, రెండు జతలు.

తుపార్నాక్ అంటే మా భాషలో
రాళ్ల సందుల్లో పూసే ఒక వాసన మొక్క.
ఆ పేరు ఊరుకోనివ్వలేదేమో,
బడి వెనకాల పాత చేపల కొట్టులో
పన్నెండు దీపాలు వేలాడదీసి
ముల్లంగి, లెట్యూస్ వేసింది.
ఈ దీవికి మట్టి కూడా సంచుల్లో, ఓడ మీద వస్తుంది.
సెప్టెంబరు దాటాక సముద్రం తలుపేసుకుంటుంది.

నేను కరెంటు మనిషిని.
రెండు డీజిలు ఇంజన్లు, ఒక ట్యాంకు,
ట్యాంకులోకి దింపే కొలకర్ర.
నూటతొంభై మంది చీకటిని
సెంటీమీటర్లలో లెక్కపెడుతుంటాను.

బలాస్టుకో మీట ఉంది.
రెండువందల యాభై, నాలుగువందలు, ఆరువందలు.
ఆ పైన అంకె లేదు, ఒక మెరుపు బొమ్మ.
"అదేంటి?"
"కొసరు" అంది.
ఆరువందల దీపానికి ఆరువందల అరవై పోస్తుందట.
తిప్పి చూపించింది. గోడ దగ్గర ఏడువందల పది.
ఈ కొసరు అంగడివాడిచ్చేది కాదు,
దీపం తన ఆయుష్షులోంచి తుంచి ఇచ్చేది.
అటక మీద మిగిలినవి రెండే బల్బులు.
ఓడ జులైలో.

సూర్యుడు వెళ్లిపోయిన రెండో వారం
పెద్ద ఇంజను నూనె కక్కి పడుకుంది.
ఊరు బరువంతా చిన్నదాని నెత్తిన.
సాయంత్రం ఆరింటికి
ప్రతి పొయ్యి మీదా చేప ఉడుకుతుంటే
సూది వెళ్లి ఎర్రగీతని ముట్టుకుంది.
ఫోను తీసి అరిచాను: "ఆ మెరుపు దించు!"
దించింది, ఆరువందలకి.
మాట కూడా దించేసింది.
పదకొండు రోజులు.

పెద్ద ఇంజను లేచాక ఇంకో తంటా.
తెల్లవారుజామున మూడింటికి ఊరంతా నిద్ర,
దానికి పని చాలదు.
పని చాలని డీజిలు ఇంజనుకి
తాగింది ఒంటబట్టదు,
పొగగొట్టం నిండా నల్లటి జిగురు.
నాకు పని నేర్పిన ఏనోక్ అనేవాడు,
ఈ జబ్బు మనుషుల్లోనూ చూశానని.

ఫోను చేశాను.
"పడుకున్నావా?"
"లేదు."
"మీట తిప్పు. మెరుపు దాకా."

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఫోనులోనే వినబడింది,
టక్.
గుర్రుమని ఒక మెట్టు పెరిగిన రొద.
మళ్లీ టక్.
పన్నెండూ లెక్కపెట్టాను.

పదోవంతు వెలుగు పెరిగితే కంటికి ఆనదని
కరెంటు చదువులో చెప్పారు.
కిటికీలోంచి చూస్తే మాత్రం
కొట్టు పలకల సందుల్లో పసుపు చిక్కబడింది.
ఎనిమిదివందల చిల్లర వాట్లతో
ఇంజను ఆకలి తీరదనీ నాకు తెలుసు.
సూది వెంట్రుకవాసి జరిగింది.
అంతే.

జనవరిలో ఏడో దీపం పోయింది.
నల్లబడ్డ బల్బుని ఉన్ని టోపీలో చుట్టుకొచ్చి
నా బల్ల మీద పెట్టింది.
"నీ ఇంజను మింగింది."
"నీ ముల్లంగి మింగింది."
ఇద్దరం దాన్నే చూస్తూ కాఫీ తాగాం.

సూర్యుడు తిరిగొచ్చిన వారానికి
నూక్ నుంచి హెలికాప్టర్లో తనిఖీ అధికారి దిగాడు.
లాగ్ పుస్తకం తిరగేసి
ఒకచోట వేలు ఆపాడు.
"రోజూ రాత్రి మూడింటికి
ఈ పెరుగుదలేంటి? ఎవరు వాడుతున్నారు?"

నా నోట్లో ముల్లంగి ఉంది.
నమిలేదాకా ఆగమని
చెయ్యి చూపించాను.